నల్లది నిలిచింది, తెల్లది ఎందుకు ఊడింది?

పోయిన నెల తాడిపత్రి నుంచి ఒకావిడ వచ్చింది. యాభై ఐదేళ్లు ఉంటాయేమో. కుర్చీలో కూర్చోబెట్టి నోరు తెరవమంటే తెరవకుండా, చేతిసంచిలోంచి ఒక కాగితం పొట్లం తీసింది. మడత విప్పితే అందులో పన్నులోంచి ఊడొచ్చిన ఫిల్లింగ్, కందిబద్దంత తెల్లటి ముక్క.

"చూడమ్మా, ఇది ఏసి రెండేండ్లు కాలేదు. చెనిక్కాయలు తింటా ఉంటే ఊడొచ్చె. ఈ పక్క నల్ల సిమెంటు చూడు, మా చిన్నోడు పుట్టకముందు ఏసింది. వానికిప్పుడు ఇరవై ఆరు. అది కదల్లే. తెల్లదానికేమో రెండింతలు తీసుకొంటిరి. ఏంది ఈ న్యాయం?"

అనంతపురంలో పళ్ల క్లినిక్ పెట్టుకుని పదకొండేళ్లయింది. ఈ ప్రశ్న వారానికి ఒకరైనా అడుగుతారు. "తెల్లది ముందు పళ్లకే గానీ దవడ పళ్లకు నిలబడదంట కదా" అని కొందరు. "నల్లదాంట్లో పాదరసం ఉందంట, మంచిగున్నా సరే పీకేసి తెల్లది పెట్టండి" అని ఇంకొందరు. రెండు మాటల్లోనూ సగం నిజం ఉంది, అందుకే విడమరచి చెప్పాల్సి వస్తుంది.

ఆ ముక్కను లైటు కిందికి తీసుకెళ్లి లెన్సులో చూశాను. కొరుకుడు దెబ్బకు విరిగిన ముక్క అయితే అంచు బరకగా, గాజు పగిలినట్టు ఉంటుంది. ఇదలా లేదు. అడుగుభాగం నున్నగా, అచ్చులోంచి తీసిన మైసూర్‌పాక్ ముక్కలా ఉంది. పన్ను పొడి రవ్వంతైనా దానికి అంటి లేదు. అంటే ఆ ఫిల్లింగ్ విరగలేదు, అసలు పన్నుకు సరిగ్గా అతుక్కోనేలేదు. రెండేళ్లూ ఏదో పట్టు మీద అలా కూర్చుని, చివరికి చెనిక్కాయల మీద నింద వేసి లేచిపోయింది.

నల్లది ఇరుక్కుని నిలబడుతుంది, తెల్లది అతుక్కుని నిలబడుతుంది. ఆమె ప్రశ్నకు జవాబు ఇందులోనే ఉంది. కాకపోతే ఈ అతుక్కోవడం అనేది చూడ్డానికి చిన్న మాటే గానీ చాలా పెద్ద వ్యవహారం.

ముందు నల్లదాని సంగతి. దాని పేరు అమాల్గం. వెండి, తగరం, రాగి కలిసిన పొడిని పాదరసంతో కలిపితే ముద్దవుతుంది. బరువులో దాదాపు సగం పాదరసమే. ఆ ముద్దను గుంటలో కూరి అదిమితే కొన్ని గంటల్లో గట్టిపడుతుంది. గట్టిపడుతుంది గానీ పన్నుకు అంటుకోదు. అందుకని గుంటను పైన ఇరుకుగా, అడుగున కాస్త వెడల్పుగా చెక్కుతారు. మూతి చిన్నదైన కుండలో చెయ్యి పెట్టి పిడికిలి బిగిస్తే చెయ్యి బయటికి రాదు చూడండి, అలా అన్నమాట. ఆ ఆకారం కోసం పుచ్చు పట్టని మంచి పన్ను కూడా కొంత పోయేది. కానీ ఒక సుగుణం ఉంది. పని జరిగేటప్పుడు కాస్త ఉమ్మి తగిలినా అంతగా చెడిపోదు. పైగా ఏళ్లు గడిచేకొద్దీ దాని అంచుల్లో చిలుములాంటిది చేరి, పన్నుకూ ఫిల్లింగ్‌కూ మధ్య ఉన్న సన్నటి సందును అదే పూడ్చుకుంటుంది. డాక్టరు కొంచెం తొందరపడినా మన్నించే సరుకు అది. తాడిపత్రి అమ్మగారి నోట్లో ఇరవై ఆరేళ్లు దాటి కూర్చుందంటే ఆశ్చర్యం లేదు.

మరి దాన్ని ఎందుకు వదిలేస్తున్నారు? ఒక కారణం రంగు, ఇంకో కారణం పాదరసం. పాదరసం వాడకాన్ని తగ్గించాలని 2013లో మినమాటా ఒప్పందం కుదిరింది. జపాన్‌లో ఒక ఫ్యాక్టరీ పాదరసం సముద్రంలో కలిసి, ఆ చేపలు తిన్న జనం నరాల జబ్బులతో చనిపోయిన ఊరి పేరది. మన దేశం 2018లో ఆ ఒప్పందాన్ని ఆమోదించింది. యూరప్ దేశాల కూటమి 2018లో పదిహేనేళ్ల లోపు పిల్లలకు, గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు అమాల్గం ఆపేసింది. 2025 జనవరి నుంచి, తప్పనిసరి వైద్య అవసరం ఉంటే తప్ప, అందరికీ ఆపేసింది. దీని వెనకున్న ముఖ్యమైన దిగులు క్లినిక్కుల నుంచి కాలవల్లోకి, మట్టిలోకి పోయే పాదరసం గురించి. మీ నోట్లో గట్టిగా ఉన్న పాత నల్ల ఫిల్లింగ్‌ను రేపే పీకించుకోమని దాని అర్థం కాదు. డ్రిల్లు పెట్టి తీసేటప్పుడే పాదరసం ఆవిరి ఎక్కువగా లేస్తుంది, పైగా దానితో పాటు కొంత మంచి పన్నూ పోతుంది. అంచులు బాగుండి, కింద పుచ్చు లేకపోతే దాని జోలికి పోవద్దని నేను చెబుతాను. ఈమెకూ అదే చెప్పాను.

ఇక తెల్లది. రెసిన్ కాంపోజిట్ అంటారు, మన దగ్గర జనం "లైటు సిమెంటు" అంటారు. అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థలో పనిచేసిన బోవెన్ అనే దంతవైద్యుడు 1962లో పేటెంట్ తీసుకున్న రెసిన్ నుంచి ఈ కథ మొదలైంది. కాంక్రీటును తలచుకుంటే తేలిగ్గా అర్థమవుతుంది. కంకర స్థానంలో సన్నటి గాజు, సిలికా పొడి ఉంటుంది, బరువులో మూడొంతులకు అటూ ఇటూ అదే. సిమెంటు స్థానంలో రెసిన్, అంటే గట్టిపడే ప్లాస్టిక్ లాంటి పదార్థం. ఆ రెండూ విడిపోకుండా గాజు రేణువులకు ముందే సిలేన్ అనే పూత పూస్తారు. తొలినాళ్ల కాంపోజిట్‌లలో రేణువులు పెద్దవి. నమలగా నమలగా చుట్టూ ఉన్న రెసిన్ అరిగి, రేణువులు ఒక్కొక్కటే రాలిపోయేవి, ఫిల్లింగ్ పల్లం పడేది. దవడ పళ్లకు పనికిరాదన్న పేరు అప్పుడొచ్చింది. ఇప్పుడు రేణువులు చాలావరకు మైక్రాను (మిల్లీమీటరులో వెయ్యో వంతు) కంటే చిన్నవి, అరుగుదల పెద్ద సమస్య కాదు. సరుకు మారింది, పేరు మాత్రం పోలేదు.

అసలు కష్టం దాన్ని అతికించడంలో ఉంది. పన్ను పైపొర ఎనామెల్ దాదాపు 96 శాతం ఖనిజమే, నున్నటి రాయిలాంటిది. దానికి జిగురు ఎలా పడుతుంది? 1955లో అమెరికాలోని రోచెస్టర్‌లో బ్యూనకోర్ అనే ఆయన దారి చూపించాడు. ఇనుముకు రంగు పట్టాలంటే ముందు ఫాస్ఫారిక్ ఆమ్లంతో తుడుస్తారని ఆయనకు తెలుసు. అదే ఆమ్లాన్ని పన్ను మీద ప్రయత్నించాడు. ఇప్పుడు మేం వాడేది 37 శాతం ఆమ్లం, నీలం రంగు జెల్ రూపంలో. పావు నిమిషం నుంచి అర నిమిషం ఉంచి కడిగి ఆరబెడితే ఎనామెల్ మెరుపు పోయి సుద్దముక్కలా తెల్లబడుతుంది. కంటికి కనిపించనంత సన్నటి గుంటలు లక్షల్లో పడతాయన్నమాట. వాటిలోకి పల్చటి జిగురు దిగి గట్టిపడితే ఆ పట్టు ఏళ్లపాటు ఉంటుంది. ఎనామెల్ దాకా మాకు దిగుల్లేదు.

లోపలి డెంటిన్ దగ్గర వస్తుంది చిక్కు. అది బతికున్న భాగం. సన్నటి గొట్టాలు, వాటిలో ద్రవం, కొల్లాజెన్ అనే నార, ఎప్పుడూ తడి. అక్కడ ఆమ్లం పదిహేను సెకన్లు దాటనివ్వకూడదు. కడిగాక మరీ ఎండబెట్టేస్తే కొల్లాజెన్ నార తడిసి ఎండిన పీచులా కుంగిపోతుంది, జిగురు లోపలికి దిగదు. నీళ్లు నిలబడేట్టు వదిలేసినా జిగురు పట్టదు. నేల మీద చెమ్మ ఉండాలి, మడుగు ఉండకూడదు. ఆ చెమ్మలో జిగురు నారతో కలిసి ఒక కొత్త పొరవుతుంది. 1982లో జపాన్ శాస్త్రవేత్త నకబయాషి ఆ పొరను వివరించి హైబ్రిడ్ లేయర్ అని పేరు పెట్టాడు. తెల్ల ఫిల్లింగ్ వేయించుకున్నాక చల్లనీళ్లు తాగితే జివ్వుమందని వచ్చేవాళ్లలో చాలామందికి చిక్కు ఈ పొర దగ్గరే. ఇప్పుడొచ్చిన కొత్త జిగుర్లతో ఈ పని కొంత తేలికైంది. ఎనామెల్ అంచుకు మాత్రమే ఆమ్లం పెట్టి, డెంటిన్‌ను జిగురుకే వదిలేయొచ్చు. నేనూ చాలాసార్లు అలాగే చేస్తున్నాను.

మా జిల్లాకు ఇంకో తలనొప్పి ఉంది, ఫ్లోరైడ్. మన దేశంలో నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే జబ్బు గురించి మొదట 1937లో రాసింది అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల గురించే అయినా, అనంతపురం బోరునీళ్లూ తక్కువేం కావు. 1990లలో సత్యసాయి నీళ్ల పథకం వచ్చేదాకా చాలా ఊళ్లకు బోరే దిక్కు. ఎనామెల్ తయారయ్యే వయసులో, అంటే ఎనిమిదేళ్ల లోపు, ఆ నీళ్లు తాగి పెరిగినవాళ్ల పళ్ల మీద సున్నపు గీతలో, గోధుమరంగు మచ్చలో, గుంటలో ఉంటాయి. అలాంటి ఎనామెల్ పైపొర ఆమ్లానికి తొందరగా లొంగదు, దాని కిందిపొరేమో బొరుగులా గుల్లగా ఉంటుంది. మామూలు పంటికి పెట్టినంతసేపే ఆమ్లం పెడితే సుద్దరంగు రాదు, జిగురు పట్టు తగ్గుతుంది. పైపొరను సన్నగా గీకాలి, లేదా ఆమ్లం ఇంకొంచెంసేపు ఉంచాలి. "మా ఊరోళ్ల పండ్లకు సిమెంటు పట్టదు మేడమ్" అని కళ్యాణదుర్గం వైపు నుంచి వచ్చిన ఒకాయన అన్నప్పుడు నవ్వాను. తర్వాత ఆలోచిస్తే ఆయన మాటలో విషయం ఉంది.

ఇంత జాగ్రత్తగా సిద్ధం చేసిన పన్ను మీద ఒక చుక్క ఉమ్మి పడితే చాలు. ఉమ్మిలోని ప్రోటీన్లు ఆ సన్నటి గుంటల మీద పొరలా పరుచుకుంటాయి, జిగురు ఆ పొర మీద కూర్చుంటుంది. కింది దవడ చివరి పళ్ల దగ్గర ఇది కత్తి మీద సామే. ఒక పక్క నాలుక, ఇంకో పక్క బుగ్గ, కిందినుంచి ఊట. దూది ఉండలు పెడితే రెండు నిమిషాల్లో నానిపోతాయి. దీనికి విరుగుడును 1864లోనే న్యూయార్క్‌లో బార్నమ్ అనే డాక్టరు కనిపెట్టాడు. పల్చటి రబ్బరు గుడ్డకు చిల్లు పెట్టి, పన్ను ఒక్కటే ఆ చిల్లులోంచి బయటికి వచ్చేలా తొడగడం. రబ్బర్ డ్యామ్ అంటాం. నూటఅరవై ఏళ్లు దాటినా చాలాచోట్ల ఫిల్లింగ్‌కు దాన్ని వాడరు. టైము పడుతుందని కొందరు, పేషెంట్లకు ఊపిరాడదని కొందరు. పేషెంట్లు మొదట టెన్షన్ పడతారు, నిజమే. ముక్కుతో గాలి పీల్చుకోమని చెప్పి రెండు నిమిషాలు ఆగితే సర్దుకుంటారు. డ్యామ్ లేకుండా మంచి ఫిల్లింగ్ సాధ్యం కాదని నేననను. దూదితో, ఉమ్మిని పీల్చే సక్షన్ గొట్టంతో, చేయి తిరిగిన అసిస్టెంటుతో పొడిగా ఉంచేవాళ్లున్నారు. ఆ పొడితనం ఎలాగైనా రావాలి, అంతే.

నా తప్పు ఒకటి చెబుతాను. ప్రాక్టీసు మొదలుపెట్టిన ఏడాది, సాయంత్రం ఏడు దాటాక ఒక టీచరమ్మ కింది ఎడమ దవడ పన్నుకు డ్యామ్ లేకుండా కాంపోజిట్ పెట్టాను. ఆమ్లం కడిగాక నాలుక దూదిని తోసేసింది, ఉమ్మి తగిలింది. మళ్లీ మొదటి నుంచి చేయాలని తెలుసు. బయట ఇంకా నలుగురు కూర్చున్నారు. గాలితో ఆరబెట్టి జిగురు రాసేశాను. ఎనిమిది నెలలకు ఆమె తిరిగి వస్తే ఫిల్లింగ్ చుట్టూ గోధుమరంగు గీత, కింద మెత్తబడ్డ పన్ను. డబ్బులు తీసుకోకుండా మళ్లీ చేశాను గానీ, ఆమె పన్ను కొంత అదనంగా పోయింది కదా, అది తిరిగి రాదు.

ఈ సంగతంతా తాడిపత్రి అమ్మకు ఇంత పొడవుగా చెప్పలేదు. "పన్ను తడిగా ఉన్నప్పుడు పెట్టినట్టున్నారమ్మా, అందుకే పట్టలేదు" అన్నాను. వాళ్లది బండల పాలిష్ పని. ఆమె వెంటనే అందుకుంది: "దుమ్ము తుడవకుండా బండకు గమ్ము రాస్తే అంతే. బండా మంచిదే, గమ్మూ మంచిదే, ఊడొస్తాది." నేను కాలేజీలో ఒక సెమిస్టరంతా చదివింది ఆమె ఒక్క మాటలో చెప్పేసింది.

అతుక్కున్నాక కూడా తెల్లదానికి ఒక మొండి గుణం ఉంది. గట్టిపడేటప్పుడు ముడుచుకుంటుంది. ఘనపరిమాణంలో సుమారు రెండు మూడు శాతం. వినడానికి తక్కువే. కానీ దవడ పన్ను గుంట పెట్టెలాంటిది. నాలుగు పక్కల గోడలు, అడుగున నేల, పైన ఒక్కటే ఖాళీ. అయిదు వైపులా అతుక్కున్న పదార్థం ముడుచుకుంటే ఎటు పోతుంది? గోడలను తనవైపు లాగుతుంది. ఆ లాగుడుకు జిగురైనా తెగాలి, పన్ను గోడైనా వంగాలి. అతుక్కున్న వైపులెన్ని, ఖాళీగా ఉన్న వైపులెన్ని అనే లెక్కను బట్టి ఈ ఒత్తిడిని అంచనా వేయొచ్చని 1987లో ఆమ్‌స్టర్‌డామ్ పరిశోధకులు చూపించారు. ముందు పన్ను అంచు విరిగితే అతికించే ముక్కకు ఒకటి రెండు వైపులే పట్టు, అందుకే అక్కడ గొడవ తక్కువ. దవడ పంటికి అయిదుకు ఒకటి, అన్నిటికంటే కష్టమైన లెక్క. ఫిల్లింగ్ వేయించుకున్న మర్నాడు నమిలితే నొప్పి, ఎక్స్‌రే చూస్తే అంతా బాగే ఉందంటే, ఈ లాగుడు మీద నాకు అనుమానం.

అందుకే పొరలు పొరలుగా వేయాలి. ఒక్కో పొర రెండు మిల్లీమీటర్లకు మించకుండా, ఒక్కసారి ఒక గోడకు ఆనించి, ఒక్కోదానికి విడిగా లైటు పెట్టి. బల్క్‌ఫిల్ అనే రకాలు వచ్చాయి, వాటిని నాలుగు మిల్లీమీటర్ల దాకా ఒకేసారి వేయొచ్చు. అవి మామూలు కాంపోజిట్ కంటే వెలుతురును లోపలికి ఎక్కువ పోనిస్తాయి, ఒత్తిడిని తట్టుకునేలా తయారుచేస్తారు. లోతైన గుంటల్లో నేనూ వాడతాను. కానీ మామూలు కాంపోజిట్‌ను బల్క్‌ఫిల్ అనుకుని ఒకే ముద్దగా కూరితే పైన రాయి, కింద ముద్ద.

ఆ లైటు గురించి కూడా చెప్పాలి, పేషెంట్లకు అదంటే భలే కుతూహలం. "లేజరా?" అని అడుగుతారు. కాదు, మామూలు నీలం ఎల్‌ఈడీ. కాంపోజిట్ కలిపేటప్పుడే దాంట్లో కాంఫర్‌క్వినోన్ అనే పసుపురంగు పదార్థం కొద్దిగా వేస్తారు. దేవుడి ముందు వెలిగించే కర్పూరం ఉందే, దాని నుంచి వచ్చినదే. 470 నానోమీటర్ల దగ్గరున్న నీలం వెలుతురు తగిలితే అది రెసిన్‌లో గొలుసులు కట్టే పని మొదలుపెడుతుంది. అందుకే నీలాన్ని ఆపే నారింజరంగు అద్దం అడ్డం పెట్టుకుని చూస్తాం. ఫిల్లింగ్ పెట్టేటప్పుడు తలపైన లైటును కూడా పక్కకు తిప్పుతాం, లేకపోతే చేతిలోనే గట్టిపడటం మొదలవుతుంది. ఒక్కో పొరకు సాధారణంగా ఇరవై సెకన్లు. ఈ ఇరవై సెకన్లూ లైటు చివర పన్నుకు ఎంత దగ్గరగా, ఎంత నిటారుగా ఉందన్నదే ముఖ్యం. నోరు పూర్తిగా తెరవలేని పేషెంటు, చివరి పన్ను, వాలిపోయిన లైటు: పై పొర గీరితే గట్టిగానే తగులుతుంది, అడుగు ఉడకని సంగటిలా ఉంటుంది. బయటినుంచి చూసి పోల్చలేం. లైటు చివర ఎప్పుడో అంటుకున్న రెసిన్ మరక ఉన్నా వెలుతురు తగ్గుతుంది. నేను వారానికోసారి మీటరుతో కొలుస్తాను. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు, ఒకసారి బ్యాటరీ నీరసించిన లైటుతో నెలంతా పనిచేశానని ఆలస్యంగా తెలిసింది మరి.

రెండు దవడ పళ్ల మధ్య సందులో పుచ్చు వచ్చిందనుకోండి, పక్క గోడ కూడా పోతుంది. దాన్ని మళ్లీ కట్టాలి, పక్కపంటికి తగిలేలా కట్టాలి. నల్లదాన్ని గట్టిగా కూరి అదిమితే అది పక్కకు తోసుకుని పక్కపంటిని తాకేది. కాంపోజిట్ మెత్తటి ముద్ద, ఎంత అదిమినా తోయదు. అందుకని గిన్నె అంచులా వంపు తిరిగిన చిన్న రేకు పెట్టి, కిందినుంచి చెక్క ఆపు దూర్చి, పళ్లను వెంట్రుకవాసి ఎడం చేసే స్ప్రింగు రింగు తగిలిస్తాం. పని అయ్యాక రింగు తీస్తే పళ్లు దగ్గరికొచ్చి ఒకదాన్నొకటి తాకుతాయి. ఈ రింగులు లేకుండా చుట్టూ తిప్పే పాత రేకుతో చేస్తే చాలాసార్లు సన్నటి సందు మిగిలిపోతుంది. "జొన్నరొట్టె తిన్నా, కూర పీచు తిన్నా ఆడే ఇరుక్కుంటాది, అరగంట పుల్లతో గెలకాల" అనే పేషెంట్లందరిదీ ఇదే కథ. ఫిల్లింగ్ తళతళా మెరుస్తూ ఉంటుంది, దాని పక్క చిగురు వాచి ఉంటుంది. పని అయిన వెంటనే ఆ సందులోంచి ఫ్లాస్ దారం లాగి చూడమని అడగండి. టక్కుమని బిగుతుగా దిగితే మంచిది. గాలికి ఊగినట్టు దిగితే అప్పుడే చెప్పేయండి, రేపటికి వాయిదా వేయకండి.

ఈ సందు పుచ్చులకు ఇంకో బలహీనత ఉంది, అడుగు అంచు. చిగురు దగ్గరికి పోయేకొద్దీ ఎనామెల్ పల్చబడి, చివరికి ఉండనే ఉండదు. అక్కడ జిగురు డెంటిన్ మీదే ఆధారపడాలి. పైగా చిగురు నుంచి రక్తం, తడి. లైటుకు అన్నిటికంటే దూరం కూడా అక్కడే. తెల్ల ఫిల్లింగ్ కింద మళ్లీ పుచ్చు మొదలయ్యేది ఎక్కువగా ఆ అంచు నుంచే. తాడిపత్రి అమ్మ పన్ను చూస్తే అడుగున చిగురు పక్కనే డెంటిన్ గోధుమరంగులో మెత్తగా ఉంది, స్పూనుతో గీరితే తడి రంపపు పొట్టులా లేచింది.

కాబట్టి దవడ పళ్లకు తెల్లది నిలబడుతుందా అంటే నిలబడుతుంది. ఏళ్ల తరబడి చేసిన పరిశీలనల్లో, సరిగ్గా వేసిన దవడ కాంపోజిట్‌లు నూటికి ఏడాదికి ఒకటి నుంచి మూడు దాకా చెడిపోతున్నాయి. పదేళ్లకు చాలాభాగం నోట్లోనే ఉంటాయన్నమాట. కానీ ఆ సగటు అందరికీ ఒకేలా వర్తించదు. రోజంతా టీలో చక్కెర, నోట్లో ఎప్పుడూ చాక్లెట్టో వక్కపొడో, రాత్రి బ్రష్ చేయని అలవాటు ఉన్నవాళ్లకు ఫిల్లింగ్ ఎంత బాగా వేసినా అంచు పక్కన కొత్త పుచ్చు వస్తుంది. పన్నుకు గుంట పూడ్చాం గానీ గుంట చేసిన జబ్బు నోట్లోనే ఉంది కదా. రాత్రిపూట పళ్లు కొరికేవాళ్లకు ఫిల్లింగో, పన్నో పగలడం ఎక్కువ.

అన్ని పళ్లకూ కాంపోజిట్ సరిపోదు కూడా. పన్ను మొనల్లో రెండు మూడు పోయి, మిగిలిన గోడ పల్చబడితే దాన్ని లోపలినుంచి నింపితే చాలదు, పైనుంచి కప్పాలి. ఓన్లేనో (పన్ను పైభాగాన్ని మాత్రం కప్పేది), క్యాపో పెట్టించుకోమంటే "ఫిల్లింగ్‌తో పోయేదానికి క్యాప్ ఎందుకు చెబుతున్నారు, డబ్బులకా?" అని అనుమానిస్తారు. ఆ అనుమానం నాకు అర్థమవుతుంది, కొన్నిసార్లు నిజం కూడా కావొచ్చు. మిగిలిన గోడ ఎంత మందం ఉందో అద్దంలో చూపించమని అడగండి, చూస్తే మీకే తెలుస్తుంది. నోరు తెరిచి కూర్చోలేని ముసలివాళ్లకు, కుదురుగా ఉండని పిల్లలకు, చిగురు తడి ఎంతకీ ఆగని చోట గ్లాస్ అయోనోమర్ అనే ఇంకో రకం ఫిల్లింగ్ నయం. 1970ల నాటి ఇంగ్లండు సరుకు, పన్నుకు తనంతట తానే అంటుకుంటుంది, కాస్త ఫ్లోరైడ్ వదులుతుంది. దవడ ఒత్తిడికి అరుగుతుంది, విరుగుతుంది కూడా. అయినా తడిలో వేసిన కాంపోజిట్ కంటే అదే మేలు. లోతుగా పోయిన పుచ్చును నరం దాకా మొత్తం గోకేయాలన్న పాత పట్టుదల కూడా ఇప్పుడు లేదు. అంచులంతా శుభ్రం చేసి, నరానికి దగ్గరున్న కాస్త మెత్తటి భాగాన్ని అలాగే ఉంచి పైన బిగుతుగా మూసేస్తే చాలా పళ్లు రూట్ కెనాల్ నుంచి తప్పించుకుంటాయి. డాక్టరు కొంచెం వదిలేశారంటే అది బద్ధకం అనుకోకండి.

తెల్లదానికి డబ్బులు ఎందుకు ఎక్కువన్న ఆమె మాటకు కూడా ఇక్కడే జవాబుంది. సరుకు ఖరీదు ఎక్కువే, కానీ ఆ డబ్బులో ఎక్కువభాగం సమయానికి పోవాలి. పావుగంటలో నల్లది వేసేయొచ్చు. సందు పుచ్చుకు కాంపోజిట్ సరిగ్గా పెట్టాలంటే నాకు నలభై నిమిషాలు, ఒక్కోసారి గంట. పావుగంటలో తెల్లది పెట్టి రెండింతలు తీసుకుంటే మాత్రం ఆమె అడిగిన న్యాయం ప్రశ్న సరైనదే.

ఆమె పన్నుకు నరం దాకా పోలేదు, మొనలు గట్టిగానే ఉన్నాయి. మళ్లీ కాంపోజిటే పెట్టొచ్చనిపించింది. మత్తు ఇచ్చి, రబ్బరు తొడిగాను. మొదటి నిమిషం నా చెయ్యి గట్టిగా పట్టుకుంది, తర్వాత వదిలేసింది. మెత్తటి పుచ్చు తీసి, రేకు, ఆపు, రింగు పెట్టి, ఆమ్లం, జిగురు, ముందు పక్క గోడ, ఆపైన పొర మీద పొర. అంతా అయ్యాక రబ్బరు తీసి, సందులో దారం లాగితే టక్కుమంది. ఎర్ర కాగితం పెట్టి కొరకమన్నాను. ఈ కొరుకుడు పరీక్ష మత్తులో ఉన్న మనిషికి కష్టం, ఎటు కొరుకుతున్నామో తెలియదు. ఫిల్లింగ్ వెంట్రుకవాసి ఎత్తుగా మిగిలినా రెండు రోజుల్లో నమిలితే నొప్పి మొదలవుతుంది. అందుకే మూడుసార్లు కొరికించి, ఎర్రమచ్చ గాఢంగా పడినచోట మూడుసార్లు అరగదీశాను.

"ఇప్పుడు ఎట్లుందమ్మా?"

"బాగనే ఉంది. ఎప్పుడు తినొచ్చు?"

"ఇది ఇప్పుడే గట్టిపడిపోయింది. మత్తు దిగాక తినండి, లేకుంటే పెదవి కొరుక్కుంటారు. ఇంటికిపోయాక ఎత్తు తగిలినట్టుంటే ఓర్చుకోవద్దు, మళ్లీ రండి."

తల ఊపి గోడ గడియారం వైపు చూసింది. యాభై అయిదు నిమిషాలు పట్టింది. ఊడిన పాత ముక్కను మళ్లీ అదే కాగితంలో చుట్టి సంచిలో వేసుకుంది. ఎందుకమ్మా అంటే, వాళ్ల చిన్నోడికి చూపిస్తుందట. మూతి ఒకపక్కకు తిరిగిపోయి, మాట ముద్దముద్దగా వస్తోంది.

"పని బాగనే చేసినావు గానీ," అంది లేస్తూ, "నాలుగు గంటల తాడిపత్రి బస్సు పాయె కదమ్మా."